ఒక్క గొంతుకు ఐదు టిక్కులు

మా బడిలో హెడ్‌మాస్టర్ని నేనే, టీచర్ని నేనే, గంట కొట్టే మనిషినీ నేనే. ఐదు తరగతులు, రెండు గదులు, మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు పెట్టుకునే ఒక చీకటి కొట్టు. నాయుడుపేట నుంచి స్కూటీ మీద గంటకు పైగా వచ్చి, చివర్లో ఇసుకలో బండి దిగి తోసుకుంటూ బడి చేరేసరికి నా జుట్టులో సగం సముద్రం ఉంటుంది. పక్కింటావిడ రోజూ అడుగుతుంది, "అంత దూరం ఎట్టా పోతుండావక్కా?" అని. ఎట్లా పోతానో చెప్పగలను కానీ ఎందుకు పోతానో నాకే ఒక్కోరోజు తెలియదు.

ఏడాదికోసారి పైనుంచి ఎవరో ఒకరు వచ్చి మా పిల్లలు తరగతికి తగ్గట్టు చదువుతున్నారా లేదా అని కొలిచి పోతారు. కొలవడమంటే పైవాళ్ళకు మహా సరదా. పోయినేడు పొట్టిగా ఉన్న బిడ్డను ఈ ఏడు మళ్ళీ కొలిస్తే పొడుగైపోతుందని వాళ్ళ నమ్మకం. మధ్యలో ఆ బిడ్డకు తిండి పెట్టేదెవరన్నది వాళ్ళ కాగితాల్లో ఉండదు. ఉండేవి నాలుగు గడులు: అక్షరం, పదం, పేరా, కథ. ఐదో తరగతి బిడ్డ నాలుగో గడిలో ఉండాలి. లేకపోతే ఆ బిడ్డ వెనకబడినట్టు, నేను నిద్రపోయినట్టు.

ఆ ఏడు నా ఐదో తరగతిలో ఆరుగురు. ఒక ఆడపిల్ల చదువుతుంది. చదువుతుంది అంటే మామూలుగా కాదు. బోండాలు చుట్టుకొచ్చిన పేపరు ముక్క చదువుతుంది, మందు బిళ్ళల అట్ట చదువుతుంది, పడవల మీద రాసిన పేర్లు చదువుతుంది, ఎలక్షన్లు అయిపోయి నెలలు దాటినా గోడ మీద మిగిలిపోయిన హామీలన్నీ చదువుతుంది. మిగతా ఐదుగురూ, ముగ్గురు మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు, పుస్తకం తెరిస్తే చెమటలు పట్టేవాళ్ళు. రెండక్షరాలు కలిస్తే గుడ్లు తేలేసేవాళ్ళు. తప్పెవరిది అంటారా? వాళ్ళు ఒకటో తరగతిలో, రెండో తరగతిలో ఉన్నప్పుడు ఈ బడికి టీచరే లేడు. హాజరు పట్టీ మాత్రం ఉండేది, పాపం అదే పాఠాలు చెప్పుకున్నట్టుంది. తరవాత నేనొచ్చాను. నేనొచ్చాక కూడా రాలేదంటే మిగతా తప్పు నాదే, ఇంకెవరి నెత్తిన రుద్దను?

ఆ చదివే పిల్లకు తండ్రి లేడు. తల్లి ఎండుచేపల గంప పెట్టుకుని బస్సెక్కి నాయుడుపేట సంతకు పోతుంది. ఊళ్ళో ఐదో తరగతి తరవాత బడి లేదు, హైస్కూలు దూరం, బడి వేళకు బస్సు లేదు. ఐదు అయిపోయిన ఆడపిల్లలు రొయ్యల షెడ్డుకు పోయి తెల్లారినప్పటి నుంచి రొయ్యలకు తలలు తుంచుతారు. ఐసులో నాని నాని వాళ్ళ వేళ్ళ కొసలు తెల్లగా ముడతలు పడి ఉంటాయి. తప్పించుకునే దారి ఒక్కటే, ఆరో తరగతికి ఆడపిల్లల హాస్టలు బడిలో సీటు. అందుకు మా బడి నుంచి పేర్ల జాబితా పోవాలి. కథ గడిలో ఉన్న పిల్లల పేర్లే ఆ జాబితాలో ఉండాలి. మా పిల్ల నాలుగో తరగతిలోనే రేకు పెట్టె సంపాదించి, దాని మూత మీద తన పేరు, కింద 'ఆరో తరగతి' అని సుద్దతో రాసిపెట్టుకుంది. వాన తడికి చెరిగిపోతే మళ్ళీ రాసేది.

ఇక ఆ ఏటి పరీక్ష సంగతి. తేదీ వచ్చింది. నా భయం చదువు గురించి కాదు, హాజరు గురించి. పెద్ద వల వేసిన రోజున మా పిలకాయలు బడి మొహం చూడరు, అందరూ ఒడ్డున తాడు పట్టుకుని లాగుతుంటారు. అందుకని ఊరి పెద్దకాపు దగ్గరకు పోయాను. ఆ ఊళ్ళో కాపులంటే కులపెద్దలు, వాళ్ళు చెప్పిందే కట్టుబాటు. వాళ్ళు కూర్చుని అనుకుంటే చాలదు, చాటింపు వేసే మనిషి వీధులెంట తిరిగి గట్టిగా చెప్పాలి. నోటితో చెప్పిందాకా అది ఉత్త మాట. చెప్పాక ఇంక కలెక్టరు వచ్చినా కదలదు. కట్టుబాటు తప్పినవాళ్ళు ఊరికి తప్పు, అంటే జరిమానా, కట్టాలి, అందరి ముందూ నిలబడి కట్టాలి.

"ఏం పరీచ్చమ్మా అది?" అన్నాడు పెద్దకాపు.

"చదివే పరీక్షన్నా. పిల్లలు ఎవరూ ఎగ్గొట్టకుండా చూడండి."

"తప్పితే ఏమైద్ది?"

"ఊరికి చెడ్డపేరు" అన్నాను.

నా నోరు నాకు చేసిన ద్రోహాల్లో అదొకటి. మర్నాడు సాయంత్రం చాటింపు విన్నాను. "రేపు బడిలో పరీచ్చ. పిలకాయలు ఒక్కరు గూడా ఎగ్గొట్టకూడదు. ఐదో తరగతి పిలకాయలు ఒక్కరు గూడా తప్పకూడదు. తప్పిన బిడ్డ ఇంటోళ్ళు తప్పు కట్టాల!" నేను స్కూటీ ఆపుకుని మరీ నవ్వాను. పిల్లలకు చదువు రావడానికి ఇంత సులువైన మార్గం ఉండగా మాకు ఏళ్ళ తరబడి ట్రైనింగులు ఎందుకిచ్చారో అనుకున్నాను. ఆ ఐదు ఇళ్ళల్లో ఆ సాయంత్రం ఎవరూ నవ్వి ఉండరని నాకు తట్టలేదు.

పరీక్ష రోజున ట్యాబు పట్టుకుని ఒక యువకుడు దిగాడు. పిల్లలు వెంటనే ట్యాబు సారు అని పేరు పెట్టేశారు. ఆయన గాలిని చూసి మొహం చిట్లించాడు. పిల్లలు చదివింది ట్యాబులో రికార్డు కావాలట, సముద్రం చప్పుడు పడకూడదట. "సముద్రాన్ని ఆపలేను సార్, మిగతావేమైనా ఉంటే చెప్పండి" అన్నాను. వెతికి వెతికి బియ్యం కొట్టు ఎంచుకున్నాడు. కరెంటు లేదు. లోపల చీకట్లో బస్తా మీద కూర్చుని, చెవుల్లో రెండు బిరడాలు పెట్టుకుని, తల ట్యాబులోకి దించాడు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి గుమ్మంలో నిలబడి, పేరు చెప్పి, వెలుతురు కోసం బయటివైపు తిరిగి కాగితం చదవాలి. లోపలున్నాయనకు కనిపించేది ఒక నీడ, వినిపించేది ఒక గొంతు. తల ఎత్తితే ఆ మాత్రమైనా కనిపించేది, ఆయన తల ఎత్తితేగా!

కాగితం మీద కథ చూడాల్సింది. ఒక పాప నగరంలో పెద్ద షాపుకు పోయి ఎస్కలేటరు ఎక్కుతుంది. భయపడుతుంది. నాన్న చెయ్యి పట్టుకుంటాడు. అయిపోయింది. ఎస్కలేటరు ఎక్కని పిల్లలకు ఎస్కలేటరు భయం చెప్పి, చదువు వచ్చిందో రాలేదో తేల్చే ఈ తెలివి ఎవరిదో తెలిస్తే ఆయన్ని మా పెద్ద పడవ ఎక్కించి చదివించాలని నా కోరిక.

నేను పక్కగదిలో ఒకటి నుంచి నాలుగు దాకా పిల్లలందరి చేతా నోటి మీద వేలు వేయించి కూర్చున్నాను. కొట్టు గుమ్మం నుంచి కథ మొదలైంది. ఎక్కడా తడబాటు లేదు. పర్వాలేదు, మంచి పిల్లతోనే మొదలుపెట్టారు అనుకున్నాను. రెండోసారి అదే కథ, కొంచెం బొంగురు గొంతుతో, మగపిల్లాడి మాదిరి. అక్కడ నాకు అనుమానం రావాలి. వచ్చింది కూడా. మూడోసారికి అనుమానం కూడా లేదు. 'ఎస్కలేటరు' దగ్గర ఊపిరి తీసుకుని ఎత్తుకునే తీరు నాకు తెలియదా! లేచి కొట్టు దగ్గరకు పోవాల్సింది. పోలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. బయట చూడ్డానికి ఏమీ లేదు, ఎండలో ఒక కుక్క పడుకుని ఉంది.

ఐదోసారి అయిపోయాక ఒకటో తరగతి బిడ్డొకటి వాంతి చేసుకుంది. దాన్ని ఎత్తుకుని కొళాయి దగ్గరకు పోయి, కడిగి, నీళ్ళు తాగించి వచ్చేసరికి ట్యాబు సారు సంచి సర్దుకుంటున్నాడు.

"అయినాయా సార్?"

"అయినాయి మేడమ్. రిజల్టు పైనుంచి వస్తుంది. నేను చెప్పకూడదు" అని, భోజనం కూడా చేయకుండా పోయాడు.

పిల్లలు అన్నాలు తింటున్నప్పుడు మా పిల్లను పక్కకు పిలిచాను. కోపంగా పిలిచాననే అనుకున్నాను, కానీ నవ్వు ఆగలేదు.

"ఏమే, ఎన్నిసార్లు చదివినావే?"

"ఐదుసార్లు టీచర్." గొంతు బొత్తిగా పోయింది.

"ఎందుకట్టా చేసినావు?"

"వాళ్ళకు రాదు గదా టీచర్. వాళ్ళమ్మోళ్ళు తప్పు కట్టాలంట గదా. అందుకని వాళ్ళ వంతు నేను లాగినా."

ఇది మీకు అర్థం కావాలంటే వల సంగతి తెలియాలి. పెద్ద వల లాగేటప్పుడు ఎవరికైనా జ్వరం వచ్చినా, ఇంట్లో చావు జరిగినా, పక్కవాళ్ళు అతని వంతు కూడా లాగేస్తారు. చేపలు పంచేటప్పుడు అతని వాటా ఇంటికి పోతుంది. ఎవరూ దాన్ని మోసం అనరు, దొంగతనం అనరు. లాగకపోతే అంటారు. ఆ పిల్ల దృష్టిలో పరీక్ష కూడా ఊరంతా కలిసి పట్టిన తాడే. చదువు రాకపోవడం ఒక జ్వరం. మా శాఖలో ఇన్నేళ్ళుగా ఎవరికీ రాని ఆలోచన అది.

నేను పడీపడీ నవ్వి, దాని వీపు మీద ఒకటి చరిచి పంపించాను. ఐదుసార్లు అని చెప్పింది. తరగతిలో ఉన్నది ఆరుగురు. ఒకటో తరగతి లెక్క. రోజూ నల్లబల్ల మీద రాసి చెప్పే లెక్క నేను వేసుకోలేదు.

రిజల్టు సంగతి మండలం మీటింగులో తెలిసింది. ఐదో తరగతిలో ఐదుగురు కథ గడిలో ఉన్న బడి మండలం మొత్తానికీ మాదొక్కటేనట. "సముద్రం ఒడ్డున ముత్యాలు ఏరుకొచ్చినారు మేడమ్" అన్నారు మా మండలం విద్యాధికారి. ముత్యాలు మా సముద్రంలో దొరకవని చెప్పబోయి ఊరుకున్నాను. శాలువా కప్పారు. ఫోటో తీశారు. తరవాత మైకు నా చేతికిచ్చి, మీ బోధనా పద్ధతి నలుగురికీ చెప్పండి అన్నారు. నేను సిగ్గు లేకుండా పది నిమిషాలు మాట్లాడాను. "పిల్లలు ఒకరికొకరు సాయం చేసుకుంటూ చదవడం" అన్నాను. అందరూ రాసుకున్నారు. ఒకాయన "సూపరు మేడమ్, మా బడిలో కూడా పెడతా" అన్నాడు. ఆరో పిల్ల ఎవరని ఎవరూ అడగలేదు. నేను కూడా అడగలేదు. ఐదుగురిలో ఒకరు మా పిల్లే అయ్యుంటుందిలే, మిగతా వాళ్ళలో ఎవరో ఒకరు దొరికిపోయి ఉంటారులే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. శాలువా వెచ్చగా ఉంది మరి.

ఆ ఆదివారం నేను నాయుడుపేటలో చర్చిలో కూర్చుని ఉండగా, రిజల్టు కాగితం ఊళ్ళోకి వచ్చి పంచాయతీ గోడ మీద అంటుకుంది. పెద్దకాపు ఊరిని పిలిచాడు. కట్టుబాటు వేసినాయన కదా, ఎవరు తప్పారో తేలాలి. కాగితం చదివే మనిషి కావాలి. ఎవరిని పిలిచారో చెప్పండి చూద్దాం! మా పిల్లనే. ఊరి ముందర నిలబడి, ఐదు పేర్లూ చదివి, ఒక్కో పేరు పక్కనా 'కథ స్థాయి' అని గట్టిగా చదివింది. ఆరో పేరు తనది. దాని పక్కన ఏం రాసుందో అదీ చదివింది. 'అక్షరాలను గుర్తించలేదు.'

ఊరంతా విన్నారు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఇది చదివిందెవరమ్మా అని అడగలేదు. కాగితం చెప్పింది కదా.

సోమవారం నేను బడి దగ్గర స్కూటీ స్టాండు వేస్తుండగా ఆ తల్లి గంప పక్కన పెట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. సంతకు పోయే బస్సు వదులుకుని నిలబడింది.

"టీచరమ్మా, నా బిడ్డకు చదువు రాదా?"

"ఎవరన్నారమ్మా?"

"ఎవరంటారు, కాయితం అనింది. నిన్న ఊరి ముందర నిలబెట్టినారు. తప్పు కట్టినా. పోతే పోయింది, అది గాదు నా బాధ. నేను సంతలో పక్కనోళ్ళకంతా చెప్పుకుంటిని, నా బిడ్డ ఏదిచ్చినా చదువుద్దని. ఇన్నాళ్ళూ అది నన్ను మోసం చేసినాదా, మీరు చేసినారా? ఒక్క మాట చెప్పండి, పోతా. షెడ్డు మేస్త్రి పిల్లను ఎప్పుడు పంపుతావని అడగతానే ఉండాడు."

ఫోన్లో జాబితా తెరిచాను. హాస్టలు బడికి పోవాల్సిన పేర్లలో ఇద్దరు ఆడపిల్లలున్నారు. ఇద్దరికీ చదవడం రాదు, పోయే ఉద్దేశం అంతకన్నా లేదు. మా పిల్ల పేరు లేదు.

పిల్లను పిలిచి అడిగాను. అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఐదు కథలయ్యాక ట్యాబు సారు నీళ్ళు తాగడానికని ఎండలోకి వచ్చాడట. ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉన్న దీన్ని చూసి, "నువ్వు ఇందాక వచ్చినావు గదా? నీ పేరేంది?" అన్నాడట. మొత్తం పరీక్షలో ఆయన తల ఎత్తింది ఆ ఒక్కసారే. తన పేరు చెబితే ఇందాకటి పేరుతో కలవదు, ఐదుగురూ దొరికిపోతారు. ఇది నోరు మూసుకుని నిలబడింది. చదివితే గొంతు పట్టేస్తాడని, కాగితం చేతికిచ్చినా నోరు తెరవలేదు. మిగిలిన ఒక్క పేరు మీద ఆయన నొక్కాల్సింది నొక్కేసుకుని పోయాడు.

"మరి నాతో చెప్పొద్దా, మొద్దు మొహమా!" అని అరిచాను.

"చెపితే ఐదుగురూ తప్పినట్టే గదా టీచర్."

"మరి నీ పెట్టే? నీ ఆరో తరగతీ?"

కాలి బొటనవేలితో ఇసుక గీస్తూ నిలబడింది. ఒళ్ళు మండిపోయింది నాకు. ఎవరి మీదని అడక్కండి. ఆ పిల్లనే తిట్టాను, దొరికింది కాబట్టి. తిట్టి తిట్టి, చివరికి కొట్టులోకి పోయి బియ్యం బస్తా మీద కూర్చుని ఏడ్చాను.

వెంటనే పరుగెత్తానని రాసుకుంటే బాగుంటుంది కానీ మూడు రోజులు జంకాను. నాలుగో రోజున మండలం ఆఫీసుకు పోయి అధికారి ముందు నిలబడ్డాను. ఐదూ అబద్ధం, ఒకటి నిజం, ఆ నిజం తలకిందులుగా పడింది అని చెప్పాను.

ఆయన లేచి గది తలుపు మూశారు. "మేడమ్, డేటా లాక్ అయిపోయింది."

"తాళం ఎవరి దగ్గరుంది సార్?"

"ఎగతాళి చేయబాకండి. మీ బడికి వచ్చిన పేరు నా మండలానికి వచ్చిన పేరు. నేను పైన చెప్పుకున్నా. ఇప్పుడు పోయి ఏమని చెప్పేది? ఒక పిల్ల కోసం ఐదు టిక్కులు తీసేయమంటారా?"

"తీసేయండి. ఆ ఐదు నావి కావు, వాళ్ళవీ కావు. దానికి రావాల్సిన ఒక్కటీ దానికివ్వండి. శనివారంతో జాబితా అయిపోతుంది."

"రాతపూర్వకంగా ఇయ్యండి" అన్నారు. మా ఆఫీసుల్లో ఆ మాట అంటే మనిషి భయపడి వెనక్కి పోతాడని వాళ్ళ లెక్క. బల్ల మీద కాగితం అక్కడే లాక్కుని, మొదటి నుంచి చివరి దాకా రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. కిటికీ వైపు చూస్తూ కూర్చున్న సంగతి కూడా రాశాను.

శనివారం మధ్యాహ్నం దాకా ఎవరూ రాలేదు. రెండు గంటలకు జీపు ఇసుకలో ఆగింది. అధికారి దిగి, చెప్పుల్లో ఇసుక దులుపుకుంటూ వచ్చి కూర్చుని, ఫైల్లోంచి ఒక కాగితం తీశారు. నాకు మెమో. ఊహించిందే.

"మెమో తీసుకుంటా సార్. ముందు పిల్ల చదివేది వినండి."

"ఏది వినేది? ఆ కథ ఐదుసార్లు చదివింది, బట్టీ వచ్చేసి ఉంటుంది."

"పాఠ్యపుస్తకం ఇస్తా."

"ఏడాదంతా అదే గదా చదివింది. ఐదు గొంతులు పెట్టిన పిల్లను నేను నమ్మాలా?" అని అటూ ఇటూ చూశారు. మా బడిలో ఆ పిల్ల చదవనిది ఏదీ లేదు. మందు బిళ్ళల అట్టలతో సహా అయిపోయాయి. ఆయనకు ఏం తోచిందో, చేతిలో ఉన్న నా మెమోనే పిల్ల ముందు పెట్టారు. "ఇది చదువు. పొద్దున్నే టైపు చేయించినా. దీన్ని బట్టీ పట్టినోళ్ళు భూమ్మీద లేరు."

పిల్ల కాగితం అందుకుంది. కిటికీల దగ్గర మిగతా ఐదుగురూ గుంపుగా చేరారు.

"మీరు పనిచేయుచున్న పాఠశాలయందు నిర్వహించబడిన పఠన సామర్థ్య పరీక్షలో, ఒకే విద్యార్థిని ఐదుగురి స్థానంలో చదివినట్లు మీరే లిఖితపూర్వకముగా అంగీకరించియున్నారు." ఎక్కడా తడబడలేదు. ఒత్తులు, దీర్ఘాలు, అన్నీ సరిగ్గా పడ్డాయి. "ఇది విధి నిర్వహణలో మీ తీవ్ర నిర్లక్ష్యమునకు నిదర్శనము. ఈ మెమో అందిన మూడు దినములలోగా సంజాయిషీ సమర్పించవలెను." నా మీద వేసిన నేరాలు నా బిడ్డ నోట ఇంత చక్కగా వినడం నాకు గర్వంగా ఉండిందంటే నమ్మండి. పళ్ళు కొరుక్కుంటూనే గర్వపడ్డాను.

ఇంకొక్క వాక్యం ఉంది. పిల్ల ఆగిపోయింది. కళ్ళు మాత్రం ఆ వరస మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాయి. కాగితం బల్ల మీద పెట్టేసింది.

"నాకు రాదు సార్."

"చూసినారా మేడమ్?" అన్నారు ఆయన.

"ఏమే! సంజాయిషీ అని చదివిన దానివి, ఇంకొక్క వరస రాదా? ఒక్క వరసే! చదవ్వే, చచ్చినదానా!" నా అరుపుకు కిటికీ దగ్గర పిల్లలు వెనక్కి గెంతారు.

"చదవను టీచర్."

"రాదా, చదవవా? ఏదో ఒకటి చెప్పు" అన్నారు అధికారి.

పిల్ల కళ్ళ నిండా నీళ్ళు. "చదవను సార్. నేను గట్టిగా చదివితే అది అమలైపోద్ది. మా టీచర్ని ఈ బడి నుంచి తీసేస్తారు. అప్పుడు నా పేరు అట్టనే చదివినా, మాయమ్మ తప్పు కట్టింది. ఇంక నేను చదవను."

అధికారి కాగితం తన వైపు తిప్పుకుని ఆ చివరి వాక్యం చూశారు. 'సంజాయిషీ సంతృప్తికరముగా లేనియెడల మిమ్ములను సదరు పాఠశాల నుండి తప్పించి తదుపరి చర్యలు గైకొనబడును.' మంచినీళ్ళు అడిగి తాగారు. తరవాత, "నేను టైపు చేయించిన మనిషికే ఇది అర్థం కాలేదమ్మా" అన్నారు. జాబితా తీసి, డేటా లాక్ సంగతి ఎత్తకుండా, అడుగున పచ్చ ఇంకుతో పిల్ల పేరు చేర్చి సంతకం పెట్టారు. స్థాయి అన్న గడి దగ్గర కలం ఆగింది. అందులో రాయడానికి నాలుగు మాటలే ఉన్నాయి కదా. కథ అని రాశారు.

"మరి వాళ్ళ టిక్కులు తీసేస్తారా సార్?" అంది పిల్ల కిటికీ వైపు చూపించి.

"తియ్యాల గదమ్మా."

"మరి వాళ్ళకెవరు లాగతారు?"

ఆయన నా వైపు చూశారు. నేను మెమో తీసుకుని సంతకం పెట్టాను.

పెద్దకాపు ఆ తల్లి కట్టిన తప్పు తిరిగి ఇచ్చేశాడు. ఐదుగురి మీదా తప్పు వేయనన్నాడు, ఒకరి వంతు ఒకరు లాగితే తప్పేముందని ఆయన వాదన. తప్పు నాకు వేశాడు. ఊరికి అబద్ధం శాలువా తెచ్చినందుకు పిలకాయలందరికీ ఒక పూట కోడికూర. చాటింపు వేయించి మరీ వేశాడు. పెట్టాను. నా సంజాయిషీ సంతృప్తికరంగా లేదని పైవాళ్ళు తేల్చారు, అయినా నన్ను తీయలేదు. నన్ను తీస్తే ఆ ఇసుకలోకి వచ్చే మనిషి దొరకాలి కదా! హెచ్చరించి వదిలేశారు. పిల్ల జూన్‌లో రేకు పెట్టె ఎత్తుకుని హాస్టలుకు పోయింది. శాలువా దాని పెట్టెలో అడుగున పెట్టాను, చలికాలం పనికొస్తుంది.

ఆ ఐదుగురినీ మాత్రం నేను వదల్లేదు. తల్లిదండ్రుల్ని ఒప్పించి ఇంకో ఏడు ఐదులోనే కూర్చోబెట్టుకున్నాను. మెమో తెచ్చి గోడకు అంటించాను. ఎస్కలేటరు కథ కన్నా అది నయం, అందులో వాళ్ళకు తెలిసిన మనుషులున్నారు. రోజూ పొద్దున్నే దాని ముందు నిలబెట్టి వేలు పెట్టి చదివించాను. 'పాఠశాల' దగ్గర ఒక నెల పట్టింది. 'నిర్లక్ష్యము' దగ్గర దసరా సెలవులు వచ్చేశాయి. సంక్రాంతి దాటేసరికి ఐదుగురూ, గొణుగుతూనో, నెట్టుకుంటూనో, 'సంజాయిషీ సమర్పించవలెను' దాకా వచ్చారు.

అక్కడ ఆగిపోయారు. ఐదుగురూ అక్కడే. చివరి వరస చదవండిరా అంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. "రాదు టీచర్" అంటారు. కళ్ళు మాత్రం ఆ వరస మీద ఈ కొస నుంచి ఆ కొసకు పోతాయి.

వచ్చే సోమవారం ట్యాబు సారు మళ్ళీ వస్తున్నాడని కబురు. ఈసారి ముందుగా టీచరే ఒక్కో బిడ్డ స్థాయి రాసి పెట్టాలట. మెమో ముందు నిలబడి ఐదుగురి పేర్లూ రాశాను. రాక ఆగారో, చదవకూడదని ఆగారో తెలియక పక్కన గడులన్నీ ఖాళీగానే ఉంచాను.